పెంటేరు ఉరఫ్ సుగంధపురం

అర్జీ పెట్టింది కాలువ గురించి. ఈ ముక్క ముందే చెప్పెయ్యడం మంచిది. తర్వాత జరిగిన హడావుడిలో ఆ సంగతి ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

మా వీరవల్లం పట్టణానికి దిగువన పెంటేరు అని ఒక ఊరుంది. పట్టణంలోని ఇళ్ళ మురుగు, హోటళ్ళ మురుగు, చేపల బజారు మురుగు అన్నీ కలిసి ఒక పెద్ద కాలువై తిన్నగా పోయి ఆ ఊరి ఏటిలో పడతాయి. ఊరికి ఆ పేరు ఎందుకొచ్చిందో పండితులు చెప్పనక్కర్లేదు. గాలి ఇటు తిరిగిన రోజున ఎవరికైనా తెలుస్తుంది.

ఆ ఊరి సర్పంచి పులపర్తి వరహాలమ్మగారు గేదెల మీద బతికి, పాలు పోసి, ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి. గొంతు పెద్దది. సోమవారం అర్జీల రోజున ఆవిడ కలెక్టరాఫీసుకు వచ్చి, తన వంతు రాగానే నిలబడి చెప్పింది.

“ఏటి నీళ్ళు గేదెలు కూడా ముట్టడం లేదండి. పిల్లలకి ఒళ్ళంతా పొక్కులు. వానొచ్చిందంటే ఇళ్ళల్లోకే వచ్చేస్తంది. మీ పట్నం కాలవ మా ఏట్లో పడకుండా ఆపండి బాబూ. ఇంకేం అడగను.”

ఆ రోజు కలెక్టరుగారి పక్క కుర్చీలో వేమవరపు త్రివిక్రమరావుగారు కూర్చుని ఉన్నారు. గ్రామనామ గౌరవ పరిరక్షణ మిషన్ అని ప్రభుత్వం కొత్తగా పెట్టింది. దానికి ఆయన డైరెక్టరు. ఎవరో పెద్దాయన ఒక సభలో తను నిలబడ్డ ఊరి పేరు మైకులో చదవలేక నీళ్ళు నమిలారట. అలా నీళ్ళు నమలడంలోంచి పుట్టింది ఆ మిషన్. అప్పటికే గాడిదలగుంట గంధర్వ సరోవరం అయింది. బోడితిప్ప కేశవగిరి అయింది. దొంగలపాడును సాధునగరం చేశాక, అక్కడ దొంగతనం జరిగిందంటే స్టేషన్‌లో కేసు రాసుకోవడం లేదని కూడా విన్నాను.

త్రివిక్రమరావుగారు అర్జీ అందుకుని మొదటి పంక్తి దగ్గరే ఆగిపోయారు. ఆయన మొహం నిజంగానే పాలిపోయింది.

“అమ్మా! ఇన్ని తరాలుగా మీరు దీనితోనే జీవించారా?”

“అవునండి. ముక్కులు మూసుకుని.”

“ఇటువంటి పేరుతో!”

“పేరుతో కాదండి, కంపుతో.”

“నేనంటున్నదీ అదే,” అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ.

నన్ను ఇందులోకి లాగింది నా నోటిదురద. నేను వీరవల్లం ప్రభుత్వ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను, పేరు అవసరాల హైమవతి. ఇంగ్లండులో వినడానికి బూతుల్లా ఉండే ఊళ్ళ పేర్ల మీద ఒకసారి కాలేజీ పత్రికలో సరదాగా ఓ వ్యాసం రాశాను. దాన్ని చదివింది ఇద్దరే. ఒకరు ప్రూఫులు దిద్దినాయన, రెండోవారు త్రివిక్రమరావుగారు.

ఆయన నన్ను ఆఫీసుకు పిలిపించి, తలుపు వేయించి, గొంతు తగ్గించారు. ఆడమనిషి ముందు అలాంటి మాటలు అనవలసి వస్తోందని ఆయనకు నిజమైన బాధ ఉంది. అందుకని పెంటేరును ‘సదరు గ్రామం’ అనీ, అందులోని పెంటను ‘సదరు పదార్థం’ అనీ వ్యవహరించేవారు.

“మేడమ్, డోర్సెట్ అనే జిల్లాలో ఒక ఊరి పేరులో సదరు పదార్థం ఉన్నట్టు తమరు రాశారు.”

“షిటర్టన్ అండి. మొదటి సగం మీరన్న పదార్థమే. వెయ్యేళ్ళ కిందట జనం అక్కడి ఏటిని దొడ్డికి వాడుకునేవారు. ‘దొడ్డిగా వాడే ఏటి పక్కనున్న పల్లె’ అని ఆ పేరుకు అర్థం.”

“అంటే మన సదరు గ్రామమే!”

“అచ్చంగా అదేనండి.”

ఆయన లేచి తలుపు సరిగ్గా వేసి ఉందో లేదో మరోసారి చూసుకున్నారు. తర్వాత, “అంతర్జాతీయ అనుభవాలను అధ్యయనం చేయకుండా మనం తొందరపడరాదు,” అన్నారు. నా మనసు కీడు శంకించింది.

అధ్యయన యాత్రకు అనుమతి వచ్చింది. దుబాసీగా నేను, నాయకుడిగా ఆయన. బాధిత గ్రామం తరఫున ఒక ప్రతినిధి ఉండాలన్నది నిబంధన కాబట్టి వరహాలమ్మగారు కూడా బయల్దేరింది. ఆవిడ వెంటనే ఒప్పుకోవడానికి కారణం వేరు. ఆ దేశంలో కాలువ ఎలా ఆపారో చూపిస్తారని ఆవిడ అనుకుంది. విమానంలో నా పక్కన కూర్చుని అడగవలసిన ప్రశ్నలన్నీ గుర్తు చేసుకుంది. పైపులా, తూములా, గుంటలు తవ్వారా, ఎవరి పొలంలో తవ్వారు?

డోర్సెట్ ఆకుపచ్చగా, మెత్తగా, తుంపరలో తడుస్తూ ఉంది. ముందుగా పిడిల్ అనే నది వచ్చింది. బోర్డు చూసి డైరెక్టరుగారు అర్థం అడిగారు.

“వినడానికి ఉచ్చ అని వినిపిస్తుందండి. అసలు పాతకాలంలో ఆ మాటకు చిత్తడి నేల అని అర్థం.”

“లఘుశంకా నది,” అని ఆయన తన ఫోనులోకి గంభీరంగా చెప్పుకున్నారు.

ఆ నది ఒడ్డునే పడిల్‌టౌన్ ఉంది. పడిల్ అంటే వాననీటి గుంట. ఒకప్పుడు ఇదీ పిడిలేననీ, రాణిగారి కాలంలో మర్యాదస్తులెవరో సిగ్గుపడి ఒక అచ్చు మార్చారనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారని అన్నాను. నిజమో కట్టుకథో తెలియదని కూడా అన్నాను గాని, ఆ రెండో మాట ఆయన వినలేదు. వ్యాను ఆపించి, దిగి, ఆ ఊరి బోర్డుకు నమస్కారం పెట్టారు. “మార్గదర్శకులు! ఒక్క అచ్చుతో ఊరిని రక్షించారు!”

తర్వాత సముద్రం వైపు స్క్రాచీ బాటమ్ వచ్చింది. బాటమ్ అంటే అక్కడ లోయ అని నేను ఎంత మొత్తుకున్నా ఆయన ‘కండూయమాన పృష్ఠము’ అని రికార్డు చేసుకున్నారు. దారిలో హ్యాపీ బాటమ్ అని ఇంకొకటి ఉందని డ్రైవరు చెబితే ‘ఆనంద పృష్ఠము’ అన్నారు.

“ఏమంటున్నారండి సారు?” అని వరహాలమ్మగారు నా చెవిలో అడిగింది.

“మొదటిది గోక్కునే ముడ్డండి. రెండోది కులాసాగా ఉన్న ముడ్డి.”

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడు మలుపుల దారి పొడుగునా నవ్వింది. డైరెక్టరుగారు వెనక్కి తిరిగి, యాత్ర గౌరవాన్ని కాపాడవలసిందిగా కోరారు.

షిటర్టన్ చాలా చిన్న ఊరు. గడ్డి కప్పు ఇళ్ళు, గులాబీలు, ఎక్కడా చెత్త లేదు. ఊరి మొగలో ఒక పెద్ద రాతిబండ, దాని మీద చెక్కిన పేరు. మాకోసం డాఫ్నీ అనే పెద్దావిడ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని ఎదురుచూస్తోంది.

“మామూలు బోర్డు పెడితే తాగుబోతు కుర్రాళ్ళు ఎత్తుకుపోయేవారు,” అని ఆవిడ వివరించింది. “చివరికి ఊరంతా చందాలు వేసుకుని ఈ రాయి కొన్నాం. ఇక దొంగిలించమనండి చూద్దాం!”

నేను తెలుగులో చెప్పాను. డైరెక్టరుగారికి అర్థం కాలేదు. “చందాలు వేసుకున్నారా? పేరు మార్చడానికి కదా?”

“ఉంచడానికండి.”

“వాళ్ళకు అవమానంగా లేదా అడగండి.”

అడిగాను. డాఫ్నీ గారు బూటుతో నేల మీద తట్టి నవ్వింది. “వెయ్యేళ్ళ నాటివాళ్ళు ఏటిలో ఏం చేశారో అది పేరు. మేం ఏటిలో ఏం చేయడం లేదు కదా, మాకెందుకు అవమానం?”

ఈలోగా వరహాలమ్మగారు మా మధ్య లేదు. ఊరి పక్క వాలులోకి దిగి, ఏటి ఒడ్డున గొంతుక్కూర్చుని ఉంది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాళ్ళు లెక్కపెట్టవచ్చు. ఆవిడ దోసిట్లోకి నీళ్ళు తీసుకుని ముందు వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత మొహం కడుక్కుంది.

“మేడమ్ గారండీ! ఈవిణ్ణి అడగండి. ఇందులో పడేది ఇప్పుడు ఎక్కడికి పోతంది?”

డాఫ్నీ గారు కొంచెం ఆలోచించింది. గొట్టాల్లో పోయి, ఎక్కడో శుద్ధి అవుతుందని చెప్పింది. ఎవరు కట్టారో ఆవిడకు తెలియదు. ఆవిడ పుట్టేసరికే ఉంది. దాని గురించి ఇంతవరకు తననెవరూ అడగలేదంది.

“చూశారా,” అంది వరహాలమ్మగారు నీళ్ళలోంచి చెయ్యి తీయకుండా. “ఈళ్ళు పేరుంచుకుని కంపు తీసేశారు.” ఆ గొంతు అంత చిన్నగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు.

డైరెక్టరుగారు మాత్రం చాలా కలత చెందారు. “పదార్థం లేకపోయినా పదార్థం పేరు వాడుకోవడం ప్రజలను తప్పుదారి పట్టించడమే,” అన్నారు. “అయితే రాయి ఆలోచన బాగుంది.” రాయి పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

తిరిగొచ్చిన నెలకే గెజెట్ వచ్చింది. ‘సదరు గ్రామము ఇకపై సుగంధపురముగా వ్యవహరింపబడవలెను’ అని. ఏటికి చందనవాహిని అని పేరు పెట్టారు. ఊరి మొగలో నల్లరాతి బండ నిలిపి, చుట్టూ పన్నీరు చల్లి, అగరొత్తులు కట్టలకు కట్టలు వెలిగించారు. ముక్కుకు రుమాలు కట్టుకున్న బ్యాండు మేళం వాయించింది. ఊదేవాళ్ళు రుమాళ్ళు విప్పుకోవలసి వచ్చి, ఇద్దరు సొమ్మసిల్లారు.

“పేరు మారితే దృక్పథం మారుతుంది,” అన్నారు త్రివిక్రమరావుగారు మైకులో. “దృక్పథం మారితే ముక్కు మారుతుంది!”

“కాలవ సంగతి సార్?” అని వరహాలమ్మగారు వేదిక కింద నుంచి అరిచింది.

“అది పురపాలక శాఖ తల్లీ. పేరు వరకే నా శాఖ.”

ఆవిడ పురపాలక శాఖకు వెళ్ళింది. సుగంధపురంలో దుర్గంధం ఉందని రాసిన అర్జీని వాళ్ళు స్వీకరించలేదు. ప్రభుత్వ ఉత్తర్వుతో విభేదించినట్టవుతుందట. పోనీ పెంటేరులో దుర్గంధం ఉందని రాసిచ్చింది. ఆ పేరుగల ఊరు తమ పరిధిలో లేదన్నారు. పెంటేరు మురుగు మళ్ళింపు పథకమని ఎప్పుడో మంజూరై అటకెక్కినది ఒకటి ఉండేది. లేని ఊరికి పథకం దేనికని దాన్నీ రద్దు చేశారు. పారిశుధ్య సిబ్బందిని కూడా వెనక్కి పిలిచారు, ఆ ఊరికి వాళ్ళ అవసరం తీరిపోయిందని.

ఇంతలో పురపాలక ఇంజినీరుకు ఒక ఆలోచన వచ్చింది. మురుగును ఏటిలో వదలడానికి నిబంధనలు అడ్డొస్తాయి గాని, చందనవాహిని అనేది కాగితాల మీద ఇంతకుముందు ఎక్కడా లేదు కాబట్టి, దానికింకా నిబంధనలు తయారు కాలేదు. అంచేత పట్టణం ఉత్తరపు వాడ మురుగు కూడా పెద్ద కాలువలో కలిపి అందులోకే వదిలారు.

ఆ వానాకాలం ఊళ్ళో జ్వరాలు లేని ఇల్లు లేదు. వరహాలమ్మగారి చిన్న మనవరాలు ఆసుపత్రిలో పడింది. నేను చూడ్డానికి వెళితే, ఆవిడ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. “ఊరి పేరేంటి అని రాసుకునే అమ్మాయి అడిగింది మేడమ్ గారూ,” అంది. “సుగంధపురం అన్నాను. ఎంత బాగుందండీ మీ ఊరి పేరు, అంది.” ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. పిల్ల బతికింది, అంతవరకు నయం.

ఆ చలికాలంలో డాఫ్నీ గారి నుంచి నాకు కబురొచ్చింది. తనూ, తన ఊరి స్నేహితురాళ్ళు నలుగురూ ఇండియా చూడ్డానికి వస్తున్నారట. మేం చెప్పగా విన్న, పేరులో తమ ఊరికి తోబుట్టువులాంటి ఊరిని చూడకుండా వెళ్ళరట. ఈ మాట నేను డైరెక్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన కుర్చీలోంచి లేచిపోయారు.

“విదేశీ వనితలు! సుగంధపురంలో! మేడమ్, ఇది రాష్ట్ర ప్రతిష్ఠ!”

అగరొత్తులు చాలవని అందరికీ తెలుసు. పెద్ద కాలువ పట్టణం దాటేచోట ఒక ఇనుప షట్టరు ఉంది. అతిథులు వచ్చి వెళ్ళేదాకా దాన్ని దించి ఉంచాలని నిర్ణయించారు. ఇంజినీరు ఒక చిన్న ఇబ్బంది ప్రస్తావించాడట. షట్టరుకు ఎగువన అన్నిటికంటే పల్లంలో ఉన్నది ఆఫీసర్ల కాలనీ, పాత చెరువు పూడ్చి కట్టింది. కొద్దిరోజులే కదా, ఏమీ కాదన్నారు.

షట్టరు దిగింది. పైనుంచి వచ్చే ఏటినీరు కొద్దిరోజుల్లోనే మురుగును కడుక్కుని పోయింది. ఆ ఊళ్ళో యాభై ఏళ్ళ మనుషులు కూడా ఏటి అడుగు చూడటం అదే మొదటిసారి. పిల్లలు దిగి ఈదులాడారు. ముసలాళ్ళు ఒడ్డున చేరి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు. గేదెలు మాత్రం ఒకటికి రెండుసార్లు వాసన చూసిగాని దిగలేదు.

డాఫ్నీ గారి బృందానికి కొబ్బరిబొండాలు ఇచ్చారు, దండలు వేశారు. నల్లరాయి చూసి ఆవిడ, “ఇదేం పేరు? మీ పేరేదీ?” అని అడిగింది. వరహాలమ్మగారు చెప్పింది, నేను ఇంగ్లీషులో అందించాను. గెజెట్, పన్నీరు, అర్జీలు, జ్వరాలు, షట్టరు, దాచకుండా అన్నీ. డైరెక్టరుగారు పక్కనే నిలబడి చిరునవ్వు తగ్గకుండా, “అనువాదం కొంచెం సంక్షిప్తంగా, మేడమ్,” అంటూనే ఉన్నారు.

“అయితే మేం వెళ్ళాక?” అంది డాఫ్నీ గారు.

“ఎత్తేస్తారండి,” అంది వరహాలమ్మగారు.

ఆ మాట ఆవిడ నోటితో ఆవిడే అన్నది. అనేశాక షట్టరు ఉన్న దిక్కుకు తలతిప్పి చూసింది, తను అన్నది తనే మళ్ళీ వింటున్నట్టు.

అతిథుల కారు మలుపు తిరిగీ తిరగకముందే ఆవిడ చీర బిగించింది. షట్టరు ఎత్తడానికి మనుషులు వచ్చేసరికి దాని చక్రం చుట్టూ, గట్టు మీదా ఊళ్ళో ఆడవాళ్ళందరూ కుర్చీలూ చాపలూ వేసుకుని కూర్చుని ఉన్నారు. కొందరు కూరలు తరుగుతున్నారు. ఎస్.ఐ. వచ్చి లేవమన్నాడు.

“ఎందుకు లేవాలి బాబూ?”

“ప్రభుత్వ మురుగుకు ఆటంకం కలిగిస్తున్నారమ్మా.”

“మురుగెక్కడిది? ఇది సుగంధపురం. ఉందని మీరు రాసివ్వండి, ఇప్పుడే లేస్తాం.”

ఎస్.ఐ. కుర్రవాడే గాని తెలివైనవాడు. టోపీ సర్దుకుని, ఉన్నతాధికారుల ఆదేశాలు కావాలని చెప్పి వెళ్ళిపోయాడు.

ఉన్నతాధికారులు అప్పటికే వేరే పనిలో ఉన్నారు. ఆఫీసర్ల కాలనీలో ముందు స్నానాల గదుల్లో నీళ్ళు వెనక్కి తన్నాయి. తర్వాత వంటిళ్ళలో. ఆ తర్వాత ఎవరింట్లో ఏది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం మర్యాద కాదు. ఇంజినీరు భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పురపాలక కమిషనరుగారు మేడ మీద గుడారం వేసుకున్నారు.

నేను గట్టు మీద వరహాలమ్మగారి పక్కన కూర్చుని ఉండగా త్రివిక్రమరావుగారు వచ్చారు. ఆయన ఇల్లు కాలనీలో చివరిది, అందరికంటే పల్లం. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. చేతిలో ఒక చెప్పే ఉంది.

“సర్పంచిగారూ,” అన్నారు. ఆవిణ్ణి ఆ మాటతో పిలవడం అదే మొదలు. “ఇల్లంతా... సదరు...” ఆగిపోయారు. “పెంటండీ. ఇల్లంతా పెంట. మా అమ్మ మంచం కిందా పెంటే. ఆవిడ లేచి నడవలేదు.”

ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. వరహాలమ్మగారు చాప మీద చోటిచ్చి కూర్చోమంది. తాగడానికి నీళ్ళిచ్చింది.

“మీ అమ్మగారిని మా ఇంటికి తెచ్చెయ్యండి సార్. పెద్దావిడ, అందులో ఎందుకు? గాలి బాగుంటది ఇప్పుడు.”

ఆయన నీళ్ళు తాగి లేచారు. ఆ సాయంత్రమే ముసలావిణ్ణి ఆటోలో తెచ్చి వరహాలమ్మగారి అరుగు మీద మంచం వేశారు.

అప్పుడు ఆశ్చర్యకరమైన విషయాలు బయటపడ్డాయి. శుద్ధి చెరువులకు స్థలం లేదని అన్నేళ్ళుగా చెబుతూ వచ్చిన పురపాలక శాఖకు పట్టణం అవతల బంజరు భూమి కనిపించింది. నిధులు కూడా కనిపించాయి. కాలువను అటు మళ్ళించే పని కాలనీవాళ్ళే దగ్గరుండి, గొడుగులు పట్టుకుని చేయించారు. పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళు పొక్లెయిన్ డ్రైవరుకు టీ తెచ్చి ఇవ్వడం నేను కళ్ళారా చూశాను. కొత్త కాలువలో మురుగు పారేదాకా ఆడవాళ్ళు గట్టు దిగలేదు.

ఆ తర్వాతి ఏడాది మిషన్ నివేదిక వెలువడింది. సుగంధపురంలో పేరు మార్పుకు ముందూ తర్వాతా గాలిని పరీక్షించారట. ‘నామ సంస్కరణ జరిగిన అనతికాలంలోనే దుర్గంధము సంపూర్ణముగా తొలగిపోయినట్లు శాస్త్రీయముగా నిర్ధారణ అయినది’ అని రాశారు. షట్టరు మాట, కాలువ మాట అందులో లేవు. ఫలితాలు చూసి ప్రభుత్వం మిషన్‌ను అన్ని జిల్లాలకూ విస్తరించింది. త్రివిక్రమరావుగారికి పదోన్నతి వచ్చింది. రాజధానిలో పెద్ద సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. ఆదర్శ గ్రామ సర్పంచిగా వరహాలమ్మగారిని పిలిచి, పేరు మార్పు వల్ల కలిగిన లాభం గురించి రెండు మాటలు చెప్పమన్నారు.

ఆవిడ మైకు దగ్గరకు నడిచింది. ముందు వరసలో శాలువాతో కూర్చున్న త్రివిక్రమరావుగారు నేల వైపు చూస్తున్నారు. ఆవిడ ఆయన్ని చూసి, చాలా మర్యాదగా నమస్కారం పెట్టింది.

“సారోళ్ళు రాసింది నిజమేనండి,” అంది. “పేరు మార్చాకే మా ఊళ్ళో కంపు పోయింది. ఎవరింటికి పోయిందో సారుకి తెలుసు.”